కళ్ళు మూసుకుని ఒంగోలు దాకా

రండమ్మా, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీద ఇంకా చోటుంది. నా గొంతు ఇప్పుడు పెద్దగా లేవడం లేదు, దూరంగా కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి. ఒంగోలు పరుగు సంగతి అడిగారు కదా, చెబుతాను.

అది ఎనభైల్లో మాట. మేం ఒంగోలు పక్కనే ఒక పేటలో ఉండేవాళ్ళం. మా ఆయన మిరపకాయల గోడౌనులో బస్తాలు ఎత్తే ముఠాలో ఉండేవాడు. లారీకి వాలుగా ఒక బల్ల వేస్తారు. వీపు మీద బస్తాతో ఒకరి వెనక ఒకరు ఆ బల్లెక్కి పోవాలి. ముందువాడు తూలితే వెనకవాడి మీద పడతాడు. ఒకరోజు మా ఆయన అలాగే జారాడు. ఆ క్షణాన వెనక ఎవరూ లేరు గానీ, బస్తా వచ్చి కాలి మీద పడింది. ఎముక విరిగింది.

నాటువైద్యుడు కట్టు కట్టాడు. ఏడాది మంచం మీదే గడిచిపోయింది. ఆ ఏడాదంతా నేనూ మా అత్తా మిరపకోతలకి పోయి ఇల్లు నడిపాం. తెల్లారితే చేలో, పొద్దు గూకితే పొయ్యి దగ్గర. మొదట్లో వేళ్ళు మండి నిద్ర పట్టేది కాదు. తర్వాత్తర్వాత మంట తెలియడమే మానేసింది. ఒంటికి పట్టిన ఘాటు ఒంట్లోనే ఉండిపోయింది. ఆదివారం గుడిలో మా పక్కన కూర్చున్నవాళ్ళు తుమ్ముతుంటే వాళ్ళకి జలుబనుకునేవాళ్ళం.

కాలు అతికాక మా ఆయన పోయి ముఠా మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ చెడ్డవాడేం కాదు. నువ్వు పడితే నీ ఒక్కడి కాలుతో పోదు, వెనకున్నవాడి నడుం కూడా పోద్ది, వాడికీ పెళ్ళాం బిడ్డలున్నారు అన్నాడు. అందులో తప్పేముంది? మా ఆయన ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూడలేక నేను చీకటితోనే చేలోకి పోయేదాన్ని.

అప్పుడే ఒంగోలు కుర్రాళ్ళెవరో మారథాన్ అని పెట్టారు. రిక్షాకి మైకు కట్టి చెప్పుకుంటూ తిరిగారు. పొదిలి రోడ్డులో ఎక్కడో దూరాన మొదలుపెట్టి ఒంగోలు దాకా పరుగెత్తాలట. పరుగెత్తేవాళ్ళకి బనీన్లు ఊరికే ఇస్తారనేసరికి ముఠా వాళ్ళంతా పేర్లిచ్చారు. మా ఆయనా ఇచ్చాడు. టీ కొట్టు దగ్గర అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వుతూనే అన్నాడు, “ఒంగోలు దాకా బండెక్కకుండా వచ్చెయ్యరా. బస్తా నేనే ఎత్తి నీ వీపున పెడతా.”

“మాట మీదుంటావా మేస్త్రీ?” అన్నాడు మా ఆయన. ఆయన నవ్వలేదు.

ఆ రోజు పొద్దున్నే మా గుడి ఫాదర్ గారు ప్రార్థన చేసి పంపించారు. అటునుంచి కాయల బస్తాలతో ఒంగోలు వచ్చే ట్రాక్టరు ఒకటుంటే నేనూ, మా అత్తా, చంటిబిడ్డని ఎత్తుకుని మా ఆడబిడ్డా బస్తాల మీదెక్కి కూర్చున్నాం. ట్రాక్టరు కాస్త ముందుకు పోయి ఆగేది. మేం దిగి మంచినీళ్ళు ఇచ్చి, నాలుగడుగులు పక్కన పరుగెత్తి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. కాలేజీ కుర్రాళ్ళు ఎప్పుడో కనపడకుండా పోయారు. ముఠా వాళ్ళు మొదట్లో ఈలలేసుకుంటూ లగెత్తారు. ఎండ ముదిరేసరికి ఒక్కొక్కడే వచ్చి ట్రాక్టరెక్కాడు. ఎక్కినవాడల్లా సిగ్గుతో కాసేపు బస్తాల చాటున నక్కేవాడు, ఆ తర్వాత కొత్తగా ఎక్కినవాణ్ణి ఎగతాళి చేసేవాడు.

మా ఆయన ఎక్కలేదు. అది పరుగని కూడా అనలేం. బాగున్న కాలు ముందుకేసి, రెండోదాన్ని లాక్కుంటూ వస్తున్నాడు. ఒకవైపు పత్తి చేలు, ఒకవైపు పొగాకు కాల్చే బేరన్లు. ఎంతసేపటికీ అదే తారు రోడ్డు. చూస్తున్న నాకే ప్రాణం సొమ్మసిల్లుతోంది.

ఒకచోట మా అత్త ఆగమంది. కొడుకు మొహమంతా చెమట, కళ్ళలోకి కారుతోంది. తల్లి ప్రాణం కదా, కొంగుతో మొహమంతా గట్టిగా తుడిచింది. కోతలప్పుడు కాయలు మూటగట్టుకునే కొంగు అది. ఆయన కెవ్వుమని అరిచి రోడ్డు మీదే కూలబడ్డాడు.

ట్రాక్టరు మీదున్న ముఠా అంతా దూకింది. తలా ఒక తువ్వాలు తీసి మళ్ళీ తుడవబోయారు. అవన్నీ గోడౌనులో బస్తాల మీద పడుండే తువ్వాళ్ళే. రెండోవాడు తుడిచాక గానీ ఎవరికీ వెలగలేదు. మేమంతా ఘాటుకి అలవాటుపడ్డవాళ్ళం, మా గుడ్డల్లో కారం ఉందని మాకే తెలియదు. నీళ్ళు కొడితే మంట ఇంకా పాకింది. కళ్ళు వాచి మూసుకుపోయాయి.

మా అత్త గుండెలు బాదుకుంటోంది. మా ఆడబిడ్డ మాత్రం బిడ్డని నా చేతికిచ్చి, అన్న తల తన ఒళ్ళోకి తీసుకుంది. మేం ఆడవాళ్ళం కొంగులు అడ్డంపెట్టి నిలబడ్డాం. చెప్పకుండానే ముఠా అంతా అటు తిరిగింది. అన్న కళ్ళలో చనుబాలు పిండింది. కంట్లో నలుసు పడినా కారం పడినా మా వైపు చేసేది అదే. కాసేపటికి ఆయన మూలగడం ఆపాడు.

అటు తిరిగే ఉన్న ముఠాలోంచి ఒకడు అన్నాడు, “ఒరేయ్, చెల్లెలి పాలు తాగినట్టేగా. ఇంక నీ మేనకోడలికి నువ్వు మామవి కాదు, అన్నవి.” అంత బాధలోనూ ఆయన నవ్వాడు.

ఇంతలో మేస్త్రీ సైకిలు మీద వచ్చాడు. పొద్దుటి నుంచీ వెనకాలే వస్తున్నాడని అప్పుడే తెలిసింది. చూసి, ఇంక చాలు, ట్రాక్టరెక్కమన్నాడు.

“ఎక్కితే బస్తా ఎత్తనిస్తావా?”

మేస్త్రీ మళ్ళీ ట్రాక్టరు వైపే చెయ్యి చూపించాడు.

“అయితే ఎక్కను.”

పోనీ సైకిలు క్యారేజీ పట్టుకుని రమ్మన్నాడు మేస్త్రీ. అప్పుడు సైకిలు లాగినట్టవుతుంది, నేను వచ్చినట్టవదు అన్నాడు మా ఆయన. లేచి గాలిలోకి చెయ్యి చాపాడు. పాల గురించి మాట్లాడినవాడే వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. వాడు అలిసిపోతే ఇంకొకడు దిగాడు. ఊరికే ట్రాక్టరెక్కి కూర్చున్నవాళ్ళంతా మళ్ళీ వంతులేసుకుని దిగారు. గుంట వస్తే గుంట అని చెబుతూ, లారీ వస్తే పక్కకి లాగుతూ నడిపించారు. మా ఆడబిడ్డ కూడా బిడ్డని మా అత్తకిచ్చి ఒక వంతు పట్టింది.

ఒంగోలు మేడలు కనపడేసరికి వాళ్ళలో ఎవరూ అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నారు. నేను దిగాను. పెళ్ళయ్యాక నలుగురిలో ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. కళ్ళు మూసుకుని ఉన్నా నా చెయ్యి తెలిసింది. “నువ్వా?” అన్నాడు. నేనే అన్నాను. అంతకుమించి మాట్లాడే ఓపిక ఇద్దరికీ లేదు. చీర కాళ్ళకి చుట్టుకుంటోంది, తారు అరికాళ్ళకి అంటుకుంటోంది. ఇక్కడ ఆగిపోతే బాగుండునని నాకు ఎన్నిసార్లు అనిపించిందో దేవుడికి తెలుసు. ఆగుదామా అని అడిగితే ఆగుతాడేమోనని అడగలేదు.

మేం చేరేసరికి పరుగు ముగిసే చోట షామియానా విప్పేస్తున్నారు. మైకు ఎప్పుడో పోయింది. కుర్చీలు రిక్షాలోకి ఎత్తుతున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన గుంజ తగిలేదాకా వెళ్ళి, దాన్ని పట్టుకుని, “ఇదేనా?” అన్నాడు. ఇదే అన్నాను. అక్కడే కూర్చుండిపోయాడు.

మేస్త్రీ సైకిలు స్టాండు వేసి వచ్చి ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. విరిగిన కాలు చేతిలోకి తీసుకుని ఎముక వెంట బొటనవేలితో నొక్కుకుంటూ పోయాడు.

“నొప్పిగా ఉందా?”

మా ఆయన లేదంటాడేమో అనుకున్నాను.

“ఉంది మేస్త్రీ. బాగా ఉంది.”

“లేదని చెప్పి ఉంటే నిన్ను పెట్టుకునేవాణ్ణి కాదు. నొప్పి దాచేవాడే బల్ల మీద పడేది.” మేస్త్రీ కాలు మెల్లగా నేల మీద పెట్టాడు. “కళ్ళు చల్లబడనీ. సోమవారం రా. బల్ల మీద నీ వెనక నేను నడుస్తా.”

ముఠాలో అందరూ విన్నారు. ఉన్నచోటు నుంచి ఎవరూ లేవలేదు, సంతోషపడడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. మా అత్త కొంగు చేతిలోకి తీసుకుంది, మళ్ళీ గబుక్కున వదిలేసి ఉత్త చేత్తో కొడుకు తల నిమిరింది. ఆ గుంజల మధ్య, అందరం ఒకరి మీద ఒకరం ఆనుకుని, పొద్దు వాలేదాకా అలాగే కూర్చున్నాం.

సోమవారం వెళ్ళాడు. అన్నట్టే మేస్త్రీ వెనక నడిచాడు, ఆ ఒక్కరోజే కాదు, ఆ కాయల కాలమంతా. వానలు పడితే ఆ కాలు నొప్పి పుట్టేది. నొప్పని చెప్పిన రోజు ఆయన్ని కింద తూకం దగ్గర నిలబెట్టేవాళ్ళు.

ఇంతేనమ్మా సంగతి. పొద్దుపోయింది, లేవండి. మీ ఇంట్లో వాళ్ళు పనికి పోయి క్షేమంగా తిరిగి రావాలి. ఎవరికన్నా అడుగు తడబడితే పట్టుకోవడానికి పక్కన ఒక చెయ్యి ఉండాలి. మీ బిడ్డలు చల్లగా ఉండాలి, మీ పొయ్యి ఏ రోజూ ఆరిపోకూడదు.