సుత్తె చప్పుడు వినపడని మందిరం

పాస్టరు రాజలింగానికి ఏ కట్టడం చూసినా సొలొమోను రాజు యెరూషలేములో కట్టించిన మందిరమే కనపడుతుంది. అంతకు మించి ఆయనలో వింతేమీ లేదు. భూపాలపల్లిలో ఆయన ఎదురైతే జనం సందు మార్చడానికి ఈ ఒక్కటి చాలు.

వృత్తికి తాపీమేస్త్రి. దేవరుప్పుల నుంచి పాతికేళ్ల కింద వచ్చాడు. అంతకు ముందెప్పుడో కుర్రతనంలో గణపురం కోటగుళ్ల దగ్గర ఒరిగిన రాళ్లు సర్దే పనిలో కూలికి కుదిరాడట. ముందు మండపం, నడుమ అంతరాళం, లోపల గర్భగుడి. బయటి నుంచి లోపలికి పోయేకొద్దీ వెలుగు తగ్గుతుంది, మనిషి నోరు దానంతటదే మూతపడుతుంది అని ఒక ముసలి శిల్పి అక్కడ ఆయనకు చూపించాడట. ఆ తర్వాత కొన్నేళ్లకు బైబిలు చేతికొచ్చి, ఆవరణ, పరిశుద్ధస్థలం, అతిపరిశుద్ధస్థలం అని చదివేసరికి ఈయన నోరు మాత్రం మూతపడలేదు. ఈనాటికీ పడలేదు.

అపెండిక్స్ ఆపరేషన్‌కు దవాఖానలో చేరినప్పుడు ఓపీ హాలును ఆవరణ అన్నాడు. వార్డు పరిశుద్ధస్థలం. ఆపరేషన్ గదికి ఆకుపచ్చ తెర వేలాడుతుంటే స్ట్రెచర్ మీద పడుకొనే ఉండి డాక్టరును ఆపాడు. "సారూ, ఈ తెర ఎనకకు ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్క దినమే పోయేటోడు. మీరు దినాం పోతున్నరు. జర భయముండాలె." డాక్టరుకు నిజంగానే భయం వేసి మత్తు తొందరగా ఇప్పించాడని పాస్టరు భార్య భాగ్యమ్మ చెబుతుంది.

గణపతి హోటల్లో బయటి బెంచీ ఆవరణ, కౌంటరు పరిశుద్ధస్థలం, వంటగది అతిపరిశుద్ధం. చేతులు కడిగే నీళ్ల డ్రమ్ము పోత సముద్రం. అంటే యాజకులు కడుక్కోవడానికి మందిరం ముందు పన్నెండు ఎడ్ల బొమ్మల మీద నిలబెట్టిన పెద్ద తొట్టి. కడుక్కోకుండా లోపలికి పోవద్దని, అది దేవుని దగ్గరికైనా సరే ఇడ్లీ దగ్గరికైనా సరే అని, పొద్దున్నే గిరాకీని ఆపి మరీ చెప్పేవాడు. హోటలు ఆసామి గణపతి ఎడ్లనైతే తేలేదు గాని డ్రమ్ము పక్కన సబ్బు పెట్టించాడు. పాస్టరు ప్రసంగాల వల్ల ఊరికి జరిగిన మేలు ఆ సబ్బు ఒక్కటేనని నేను అందరితో అంటూ ఉండేవాణ్ణి.

అప్పట్లో నేను అలాంటి మాటలే ఎక్కువ అనేవాణ్ణి. జిరాక్స్ సెంటర్లో పని. జనం కాపీలకిచ్చిన పుస్తకాలన్నీ చదివి, చదవని వాళ్లందరి మీదా కోపం పెంచుకున్నాను. ఆదివారం చర్చికి పోయేది కూడా పాస్టరు ఎక్కడ తప్పుతాడో చూడ్డానికే.

ఒకసారి దొరికాడు. మా సంఘంలోని రిషిత అనే అమ్మాయి పెళ్లిలో వధూవరులను పక్కపక్కన నిలబెట్టి, మందిరం వాకిట్లో ఉన్న యాకీను, బోయజు అనే రెండు స్తంభాల గురించి ఎత్తుకున్నాడు. "రెండు కంబాలు ఒకదాని మీద ఒకటి ఒరిగితే నడుమ తొవ్వ ఉండది. ఎవలది వాళ్లు నిటారుగ నిలబడాలె. నడుమ జాగ ఉంటేనే లోపలికి దేవుడొస్తడు, చుట్టాలొస్తరు." పెళ్లికొడుకు బుద్ధిగా మూరెడు దూరం జరిగాడు. ఫొటోగ్రాఫరు వచ్చి మళ్లీ దగ్గరికి నెట్టాడు.

భోజనాల దగ్గర పట్టుకున్నాను. "అయ్యగారూ, ఆ కంబాల పొడుగు బైబిల్ల రాజుల గ్రంథంల పద్దెనిమిది మూరలని ఉన్నది. దినవృత్తాంతాలల్ల ముప్పై అయిదని ఉన్నది. ఏది నిజం?"

ఆయన పప్పు కలుపుతూనే నా వైపు చూశాడు. "రాసినోళ్లు ఇద్దరు గద బిడ్డా. ఒకల చెయ్యి పొడుగు, ఒకల చెయ్యి పొట్టి."

ఇది ఆయన స్వానుభవం. టేపు ముట్టేవాడు కాదు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఆయన మూర. మనిషి పొట్టి కనుక మూర కూడా పొట్టి. ఆయన కట్టిన బాత్‌రూముల్లోకి లావుపాటి వాళ్లు పక్కకు తిరిగి పోవాలి.

పాతికేళ్లు ఇట్లా ఊరివాళ్ల ఇళ్లన్నీ కట్టాడు. ఒక్క మందిరం తన చేత్తో, రాతితో, పునాది నుంచి స్లాబు దాకా కట్టాలని ఆయన కోరిక. మేమంతా రేకుల షెడ్డులో ఆరాధన చేసుకునేవాళ్లం. వానాకాలం లోపల ఖాళీ చేయమని షెడ్డు ఆసామి చెప్పేశాడు. కాలనీ చివర మాకొక చిన్న జాగా ఉంది. పాస్టరు కట్టుబడి మొదలుపెట్టాడు. సంఘపెద్ద రాజమల్లు మాత్రం ఒక షరతు పెట్టాడు. మే నెలాఖరుకు గోడలు లేచి స్లాబు పడాలి. లేకపోతే పని పాస్టరు చేతుల్లోంచి తీసి కాంట్రాక్టరు వెంకట్‌కు ఇస్తారు. రాజమల్లు ముప్పై మూడేళ్లు బొగ్గుబాయిలో చేసి రిటైరైన మనిషి, అన్న మాట తప్పడు.

మొదటి వారం పని జోరుగా సాగింది. ఉలి, సుత్తె, సమ్మెట అన్నీ మోగాయి. రెండో సోమవారం పాస్టరు వచ్చి సుత్తెలన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టాడు.

సొలొమోను మందిరం కట్టే చోట ఇనుప పనిముట్ల చప్పుడే వినపడలేదట. రాళ్లను గని దగ్గరే చెక్కి, తెచ్చి, ఊరికే పేర్చారట. కాబట్టి ఇక్కడా అంతే. మూడు కిలోమీటర్ల అవతల క్వారీలో చెక్కడం, ట్రాక్టరులో తేవడం. ట్రాక్టరు సందు మొదట్లోనే ఆగిపోవాలి. అక్కడి నుంచి ట్రాలీని విశ్వాసులు తోయాలి. రాయిని గడ్డి మీద దించాలి, పసిపిల్లను దించినట్టు. పరంజా కట్టెలకు మేకులు వద్దు, తాళ్లు. కూలీలు సైగలతో సున్నం అడిగితే సిమెంటు అందేది. ఒకడి కాలి మీద రాయి పడితే, పాపం వాడు నోట్లో తువ్వాల కుక్కుకొని సందు చివరికి ఉరికి అక్కడ అరిచి వచ్చాడు.

ఆ ఆదివారం ప్రసంగం కూడా దాని మీదే. "దేవుడు మనల్ని కూడ గట్లనే చెక్కుతడు. లోకంలనే చెక్కుతడు, కష్టాలల్ల, అవమానాలల్ల. మందిరంలకు వచ్చి కూసున్నంక చప్పుడు ఉండది, ఎవల రాయి వాళ్లకు సరిపోతది."

నన్ను ఇంకెంతకాలం చెక్కుతాడో కొంచెం కనుక్కోమన్నాను బయటికొచ్చాక.

"నీది బయ్యారం రాయి బిడ్డా," అన్నాడు, భుజం మీద చెయ్యేసి. "లోపల ఇనుమున్నది. ఉలి అరుగుతది, టైం పడుతది."

అంతవరకు బాగానే ఉంది. మూడోవారం మళ్లీ సుత్తెలు బయటికొచ్చాయి. ఏమిటని అడిగితే, ఇప్పుడు నడిచేది ఆవరణ పని, నియమం లోపలి పనికే అన్నాడు. నాలుగో వారం కూడా ఆవరణే. అయిదో వారం సుత్తెలు గోనెసంచిలోకి పోయాయి. ఆరు, ఏడు మోత. ఎనిమిది నిశ్శబ్దం. లోపలి గోడ అన్న గోడే ఆ తర్వాతి వారం బయటి గోడ అయ్యేది. జిరాక్స్ సెంటరు క్యాలెండరు మీద నేను గుర్తులు పెట్టి, ఆయన సిద్ధాంతం మూడు వారాలకోసారి మారుతోందని సంఘమంతటికీ చూపించాను. నిశ్శబ్దపు వారాల్లో పని మూడోవంతు కూడా నడవడం లేదని కూడా లెక్కగట్టి చెప్పాను. ఏప్రిల్ వచ్చేసింది, గోడలు కిటికీ ఎత్తు దాటలేదు. ఈ లెక్కన మే నెలాఖరుకు కాదని రాజమల్లు వెంకట్‌ను పిలిపించాడు. వచ్చే ఆదివారం మాట్లాడుకుందామన్నాడు. పాస్టరు ఆ వారమంతా అన్నం సరిగా తినలేదని భాగ్యమ్మ చెప్పింది. నాకు అందులో తప్పేమీ కనపడలేదు.

ఆ వారం నిశ్శబ్దపు వారం. మధ్యాహ్నం ట్రాలీ తోసి గొంతెండిపోయి, నీళ్లకోసం పక్కింటికి పోయాను. గోడకు గోడ కలిసినట్టే ఉండే ఇల్లది. బయ్యారం దగ్గరి తండా నుంచి వచ్చిన తుల్సీరాం, ఆయన భార్య గీత ఉంటారు. తుల్సీరాం బొగ్గుబాయిలో పనిచేస్తాడు. గీత గడపలోనే వేలు పెదాల మీద పెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది.

లోపల తుల్సీరాం కిటికీకి దుప్పటి కట్టుకొని పడుకొని ఉన్నాడు. వారం వారం షిఫ్టు మారుతుందని, ఈ వారం నైటని ఆమె గుసగుసగా చెప్పింది. ఎండాకాలం పగటి నిద్ర పట్టదు. జనవరిలో ఓసారి నిద్ర చాలక బాయిలో నడుస్తూ నడుస్తూనే తూలి, ట్రాలీల పట్టాల మీద పడబోయాడట. పక్కనున్నవాడు చొక్కా పట్టి గుంజాడట.

"మీ అయ్య మంచోడన్నా," అంది. "మా ఆయన గట్ల పడబోయిండని చెప్పినకాన్నుంచి, శనివారం శనివారం వచ్చి తమ్మునిది వచ్చే వారం ఏ షిఫ్టమ్మా అని అడుగుతడు. ఊకెనే అడిగి పోతడు."

గోడకు వేలాడే క్యాలెండరులో నైట్ షిఫ్టు వారాలకు పసుపుతో బొట్లు పెట్టి ఉన్నాయి. నా క్యాలెండరులో గుర్తులు కూడా సరిగ్గా అవే వారాలకు.

చెంబు అక్కడే పెట్టి పాస్టరు దగ్గరికి పోయాను. ఆయన గోడ నీడలో కూర్చొని రాయిని అరచేత్తో తుడుస్తున్నాడు. తుల్సీరాం నిద్ర కోసమని ఒక్క ముక్క చెబితే అయిపోయేది కదా, ఇన్ని నెలలు సొలొమోనును ఎందుకు అడ్డం పెట్టుకున్నావని అడిగాను. ఈసారి నా గొంతు కూడా గుసగుసగానే వచ్చింది.

"నీ నిద్ర కోసం పని ఆపుతున్నం అంటే ఆయన ఊకుంటడా? నాకేం కాదు, కొట్టుకోరి అంటడు. అని, నిద్ర లేకుంట బాయిలకు దిగుతడు. దేవుని నియమం అంటే మాట్లాడడు." మళ్లీ రాయి తుడుస్తూ అన్నాడు, "అబద్ధం గాదు బిడ్డా. గ్రంథంల ఉన్నదే చెప్పిన. నువ్వు మాత్రం ఎవలకు చెప్పకు."

ఆదివారం ఆరాధన అయ్యాక వెంకట్ వచ్చి కూర్చున్నాడు. రాయి కోసే మిషన్ పెట్టి, పగలంతా కోసి, ఇరవై రోజుల్లో స్లాబు పోస్తానన్నాడు. రాజమల్లు పాస్టరు వైపు తిరిగి, చెప్పుకునేదేమైనా ఉంటే చెప్పుకొమ్మన్నాడు. పాస్టరు లేచి, చెమట తుడుచుకొని, సొలొమోను మందిరంలో ఇనుప పనిముట్ల చప్పుడు అంటూ మొదలుపెట్టాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నేర్పింది నేనే.

"పక్కింటి తుల్సీరాంది నైట్ షిఫ్టు," అన్నాను లేచి. "ఆయన పగలు పండుకునే వారాలే మనకు లోపలి పని."

రాజమల్లు నావైపు చూశాడు. తర్వాత పాస్టరు వైపు చూశాడు. ముప్పై మూడేళ్లలో ఎన్ని పగళ్లు చెవుల మీద దిండు పెట్టుకొని పడుకున్నాడో గుర్తుకొచ్చిందేమో, చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సొలొమోనుకు ఎన్నేండ్లు పట్టింది, అయ్యగారూ?"

"ఏడు," అన్నాడు పాస్టరు, తల దించుకొని.

"మనకింక నాలుగు నెలలే అయింది. వెంకట్, నువ్వు చాయ తాగిపో. షెడ్డు ఆసామితోని నేను మాట్లాడుత." బయటికి పోబోతూ ఆగి అందరినీ చూశాడు. "ఈ సంగతి తుల్సీరాం చెవుల పడ్డదో, చూడుర్రి మల్ల."

రాజమల్లు ఆ రోజు నుంచి సాయంత్రాలు పనిదగ్గరికి రావడం మొదలుపెట్టాడు. రెండో శనివారం వచ్చేసరికి గోడవతల తుల్సీరాం నిలబడి ఉన్నాడు. నెలల తరబడి కడుపులో దాచుకున్న అనుమానం ఆ రోజు అడిగేశాడు. ఒక వారం సుత్తె కొడతరు, ఒక వారం కొట్టరు, గదెట్ల అని.

పాస్టరు నోరు తెరిచేలోగా రాజమల్లు అందుకున్నాడు. సొలొమోను అనే రాజుండెనని, ఆయన దగ్గర ఇనుము లేదని మొదలుపెట్టాడు. పాస్టరు మెల్లగా దగ్గాడు. ఇనుముంది గాని ఆయనకు నచ్చదని రాజమల్లు సర్దుకున్నాడు. ఆవరణ పనికి సుత్తె ఉంటుందని, లోపలి పనికి ఉండదని, ఇదంతా పెద్ద సిద్ధాంతమని చెమటలు కక్కుతూ చెప్పాడు. ఏ మూరకు ఏ అర్థమో కూడా చెప్పబోయి, గట్టెక్కలేక నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

"మల్ల వచ్చే వారం లోపలి పనా, బయటి పనా?" అన్నాడు తుల్సీరాం.

"వచ్చే వారం నీది ఏ షిఫ్టు?" అన్నాడు రాజమల్లు.

"నైటు."

"అయితే లోపలి పని."

అన్నాక గాని రాజమల్లుకు తెలియలేదు, తనేమన్నాడో. పాస్టరు నుదుటి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. తుల్సీరాం మా ముగ్గురినీ ఒక్కొక్కరినే చూశాడు. కళ్లు మెరుస్తున్నాయి గాని గొంతు మాత్రం మామూలుగానే ఉంచాడు.

"మీ సొలొమోను రాజు కూడ బాయిల చేసిండా ఏంది, రాజమల్లన్నా?"

రాజమల్లు గడ్డం గోక్కుంటూ బాగా ఆలోచించాడు.

"చేసే ఉంటడు," అన్నాడు. "నైట్ షిఫ్టే అయి ఉంటది."