బెజవాడ ఏడు, కువైట్ ఒకటి

మనిషికి కాస్త విద్య వచ్చి ఇంకా వినయం రాని వయసు ఒకటి ఉంటుంది. నాకది పంతొమ్మిదో ఏట వచ్చింది. తొంభైల చివర, రంజాన్ నెల డిసెంబరు చలిలో పడుతున్న కాలం. ఆ రోజుల్లో మా తిరువూరులో కంప్యూటర్‌ని చూసినవాడికి ఒక గౌరవం, ముట్టుకున్నవాడికి ఇంకో గౌరవం. రెండు రకాల కంప్యూటర్లను ముట్టుకుని వాటి కీబోర్డుల మధ్య తేడాలు చెప్పగలిగిన పండితుణ్ణి మాత్రం ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే అని నా గట్టి నమ్మకం. ఎవరూ కాదనలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి కాదనే అవసరం వాళ్లకు రాలేదన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

బస్టాండు రోడ్డులో ఎరువుల కొట్టు పైన ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. బోర్డు మీద 'అంతర్జాతీయ ప్రమాణాలు' అని రాసి ఉండేది. (మెట్లెక్కుతుంటే వచ్చే యూరియా వాసన ఏ దేశపు ప్రమాణమో రాయలేదు.) లోపల రెండు మిషన్లు. ఈ కాలపు కంప్యూటర్లు కావు. కీబోర్డే కంప్యూటర్, దాన్ని టీవీకి తగిలిస్తే తెర మీద అక్షరాలు పడేవి. విదేశాల్లో ఇళ్లల్లో పిల్లలు ఆడుకుని పదేళ్ల క్రితమే అటక మీద పడేసిన రకం. ఒకటి బెజవాడలో ఏదో స్కూలు వదిలించుకుంటే మా కంప్యూటర్ సార్ తెచ్చారు. రెండోది ఆయన బావమరిది కువైట్ నుంచి తెచ్చి ఇచ్చాడు. అందుకే ఒకటి బెజవాడది, ఒకటి కువైట్‌ది. కువైట్‌దాని మీటల మీద ఇంగ్లీషు అక్షరాల పక్కన అరబీ అక్షరాలు కూడా అచ్చేసి ఉన్నాయి.

ఇక్కడ నా చదువు గురించి రెండు మాటలు చెప్పాలి. ఐదో ఏట నుంచి మసీదులో ఇమాం సాబ్ దగ్గర ఖుర్ఆన్ నేర్చుకున్నవాణ్ణి. ప్రతి అక్షరానికీ నోట్లో ఒక చోటు ఉంటుందని, ఇది గొంతు అడుగు నుంచి, అది నాలుక అంచు నుంచి పలకాలని బెత్తం సాయంతో నేర్పారాయన. జమాత్‌లో (అందరూ కలిసి చేసే నమాజులో) ఎక్కడ నిలబడాలో, సఫ్‌లో (అంటే నమాజు వరసలో) భుజానికి భుజం ఎలా ఆనించాలో ఆ చదువులోనే వచ్చింది. దాంతో లోకంలో ప్రతి వస్తువుకీ ఒక్కటే సరైన చోటు ఉంటుందని నాకు స్థిరపడిపోయింది. అందుకే కువైట్ మిషన్ను మొదటిసారి చూసినప్పుడు భక్తితో కిందకు దిగి, పంపు దగ్గర నమాజుకు ముందులా కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని, తడి చేతులతో పైకొచ్చాను.

"కీబోర్డు మీద నీళ్లు పడితే ఎవడు బాగు చేస్తాడబ్బా, వెళ్లి తుడుచుకో," అన్నారు సార్.

తుడుచుకుని చూస్తే పై వరసలో అరబీ తొలి అక్షరం అలిఫ్ లేదు. వరస ఎక్కడో మధ్యలో రావాల్సిన ద్వాద్‌తో మొదలైంది. అలిఫ్ ఎక్కడో నడిమధ్యన, ఆలస్యంగా వచ్చి సందులో ఇరుక్కున్నవాడిలా ఉంది. అక్షరాలకు ఇంత అవమానం చేసిన మిషన్ నాకు పనికిరాదని ఆ క్షణమే తీర్మానించాను. బెజవాడదాన్లో ఇంగ్లీషు అక్షరాలు కూడా అంత చిందరవందరగానే ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. మా పంతులు అప్పుడే అడిగాడు. పంతులంటే గుడి పూజారి గారి అబ్బాయి, నాతో పాటు నేర్చుకునేవాడు. వాడికి కువైట్ మిషన్ అంటే ప్రాణం. మీటలు మెత్తగా ఉంటాయట, చెరిపే మీట చేతికి దగ్గరగా ఉంటుందట. అలా ఆ మేడ మీద ఆరు నెలల పాటు ఒక వాదం నడిచింది: బెజవాడ పక్షాన నేను, అరబీ అక్షరాల పక్షాన పూజారి గారి అబ్బాయి. నేను ఒక నోటుబుక్కులో రెండు గడులు గీసి రెండింటికీ నలభై ఒక్క తేడాలు రాశాను. కొటేషన్ గుర్తు ఇక్కడ రెండు అంకె నెత్తిన, అక్కడ ఒక మూల. స్టార్ గుర్తు ఇక్కడ ఒకచోట, అక్కడ ఇంకోచోట. ప్రతి తేడా పక్కన నా తీర్పు కూడా రాశాను. నలభై ఒక్క తీర్పులూ బెజవాడకే. పంతులు ఆ పుస్తకం చదివి, "అంకెల సంగతి రాయలేదేంట్రా?" అన్నాడు. "అంకెల్లో తేడా ఏముంటుంది, ఒకటి తర్వాత రెండే కదా," అన్నాను.

బెజవాడ మిషన్ మీద సాధన చేసి చేసి కళ్లు మూసుకుని కొట్టడం నేర్చాను. మసీదులో ఎవరో నవ్వుతూ 'కంప్యూటర్ హాఫిజ్' అన్నారు. (హాఫిజ్ అంటే ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం చేసిన మనిషి. అది ఎన్నో ఏళ్ల తపస్సు.) నేను సిగ్గుపడాల్సిన చోట ఛాతీ విరిచాను.

రంజాన్‌కు వారం ముందు మసీదు కమిటీ ప్రెసిడెంటు గారు కబురు పెట్టారు. నెల రోజులకూ సహరీ (తెల్లవారుజాము భోజనం) ముగిసే వేళ, ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళ వేసిన కార్డు ఏటా బయటి ఊరి నుంచి వచ్చేది. ఈసారి మన కుర్రాడే మన ఊళ్లో కంప్యూటర్ మీద కొడతాడని ఆయన ప్రకటించేశారు. ఇమాం సాబ్ వేళలన్నీ ఉర్దూలో రాసి ఇచ్చారు. ఊరంతా ఆ కార్డు చూసుకునే ఉపవాసం పట్టాలి, ఆ కార్డు చూసుకునే విడవాలి. సూర్యుడు పూర్తిగా కుంగక ముందే ఖర్జూరం నోట్లో పడిందా, ఆ రోజు ఉపవాసం పోయినట్టే, తర్వాత మళ్లీ ఉండాలి. అంతటి బాధ్యత.

ప్రింటరు కువైట్ మిషన్‌కు మాత్రమే కలిసేది. తప్పదని దాని ముందు కూర్చున్నాను. తేదీలు, సహరీ వేళలు నేనొక్కణ్ణే ఉన్నప్పుడు కొట్టాను కాబట్టి పై వరస అంకెలను చూసి చూసి, ఒంటి వేలితో, తప్పు లేకుండా కొట్టాను. ఇఫ్తార్ వేళల దగ్గరికి వచ్చేసరికి ప్రెసిడెంటు గారు, మౌజన్ సాబ్ (మసీదులో అజాన్, అంటే నమాజు పిలుపు, ఇచ్చే పెద్దాయన) మెట్లెక్కి వచ్చారు. చూసేవాళ్లుండగా ఒంటి వేలితో పొడిస్తే మన పరువేం కావాలి? కుడి పక్కన అంకెల మీటలు విడిగా గుంపుగా ఉంటాయి కదా, చెయ్యి దాని మీదకు మార్చాను. ఇమాం సాబ్ కాగితం మౌజన్ సాబ్ చదువుతుంటే, కళ్లు మూసుకుని, తల కొంచెం పైకెత్తి, టకటకా కొట్టుకుపోయాను.

"ఒరేయ్, అది మా కువైట్‌ది. కళ్లు తెరిచి కొట్టు," అన్నాడు పక్క మిషన్ దగ్గరున్న పంతులు.

పరపక్షం వాడి అసూయ అనుకుని ఇంకా గట్టిగా మూసుకున్నాను.

"మాషా అల్లా," అన్నారు ప్రెసిడెంటు గారు. సహరీ వరస సరిచూశారు, అక్షరం పొల్లుపోలేదు. ఇఫ్తార్ వరస మళ్లీ చూద్దామా అని మౌజన్ సాబ్ అంటే, "కళ్లు మూసుకుని కొట్టినవాడిది ఏం చూస్తాం సాబ్," అని ప్రెసిడెంటు గారే ఆపారు. కార్డులు జిరాక్సు తీసి ఇంటింటికీ పంచారు. అజాన్ ఇకపై కార్డు ప్రకారమే ఇవ్వాలని మౌజన్ సాబ్‌కు కమిటీ హుకుం కూడా జారీ చేసింది. నలభై ఏళ్లుగా ఆకాశం చూసి, గడియారం చూసి అజాన్ ఇచ్చిన మనిషికి చివరికి నేను దారి చూపించానన్నమాట.

మొదటి రోజు కార్డు ప్రకారం ఐదూ నలభై ఏడుకి ఇఫ్తార్. పడమట ఎరుపు కూడా తగ్గిపోయింది, కాకులు చెట్లెక్కేశాయి, మైకు మాత్రం పలకలేదు. వడలు చల్లారుతున్నాయని నసిగిన మా నానీకి (అమ్మమ్మకు) సహనం గురించి పది నిమిషాలు ఉపన్యసించాను. ఇఫ్తార్‌కు ఆలస్యం చేయవద్దన్న ప్రవక్త హదీసు నాకు నోటికి వచ్చు. ఆ పూట అది నోటికి రాలేదు.

ఆరో రోజు ఉపవాసం విడిచాక నానీ ఎప్పటిలాగే అడిగింది. ఆమెకు చదువు రాదు, కానీ పప్పు ఎప్పుడు రుబ్బాలో లెక్క ఉండాలి.

"రేపెంతకురా?"

"ఐదూ నలభై నాలుగు."

"ఇవాళెంతకి విడిచాం?"

"నలభై తొమ్మిదికి."

నానీ వేళ్ల మీద లెక్కపెట్టింది. "సూర్యుడు పడమట పొడిస్తే కియామత్, లోకానికి ఆఖరి రోజు, వచ్చినట్టని విన్నా. తిరువూరులో ఒక్క రోజులో ఐదు నిమిషాలు ముందు కుంగితే ఏం వచ్చినట్టో ఇమాం సాబ్‌ని అడిగిరా."

నాకు కార్డు మీద అనుమానం రాలేదు. ఇమాం సాబ్ కాగితం మీద వచ్చింది. ఒక్క నిమిషం సూర్యుడి మీద కూడా వచ్చింది. తెల్లారాక బెజవాడలో ఉన్న చిన్నాన్నను అడుగుదామని ఎస్టీడీ బూత్‌కు వెళ్లాను. హాఫిజ్‌ని కదా, ఫోను నంబరు కూడా కళ్లు మూసుకునే నొక్కాను. ఎవరో ఐస్ ఫ్యాక్టరీ అన్నారు. మళ్లీ నొక్కాను. "బాబూ, ఈ చలిలో ఐస్ అంత అర్జెంటా?" అన్నాడు అవతలాయన. అప్పుడు కళ్లు తెరిచాను. ఫోనులో పై వరస ఒకటి, రెండు, మూడు. కింద వరస ఏడు, ఎనిమిది, తొమ్మిది. బెజవాడ మిషన్లో మాత్రం, కిరాణా కొట్టు క్యాలిక్యులేటర్‌లో ఉన్నట్టు, పైన ఏడు, ఎనిమిది, తొమ్మిది. కింద ఒకటి, రెండు, మూడు. మరి కువైట్‌దాన్లో? పరుగెత్తి మేడెక్కి చూశాను. అచ్చం ఫోనులాగే ఉంది. నలభై రెండో తేడా.

మధ్య వరస నాలుగు, ఐదు, ఆరు రెండింట్లోనూ ఒకటే. అందుకే ఐదు గంటలూ సరిగ్గా పడింది, నలభై సరిగ్గా పడింది. చివరి అంకె మాత్రం ఒకటి కొట్టిన చోట ఏడు, ఏడు కొట్టిన చోట ఒకటి పడి కూర్చున్నాయి. మొదటి ఆరు రోజులూ ఊరు ఊరంతా ఆరేసి నిమిషాలు అదనంగా పస్తు ఉంది. అది పాపం కాదు, ఆకలి మాత్రమే. ఏడో రోజు నుంచి పన్నెండో రోజు దాకా అన్నీ నాలుగు, ఐదు, ఆరు అంకెలే, అన్నీ సరైనవే. పదమూడో రోజు అసలు వేళ ఐదూ నలభై ఏడు. నా కార్డు మీద నలభై ఒకటి. సూర్యుడు ఇంకా కనిపిస్తుండగా తిరువూరు జమాత్ మొత్తం ఉపవాసం భంగం చేసుకోబోతోంది, నా చేతి చలవతో.

ఇక్కడ ఒక ధర్మపరుడు ఏం చేస్తాడు? తక్షణం వెళ్లి తప్పు ఒప్పుకుంటాడు. నేను బాల్ పెన్ను జేబులో పెట్టుకుని బయల్దేరాను. ఒకటిని ఏడు చేయడం తేలిక. రెండుని ఎనిమిది చేయడం కష్టమే కానీ కుదురుతుంది. మూడుని తొమ్మిది చేయాలంటే మాత్రం దైవ సహాయం కావాలి. అలాంటి పనికి అది అందదు. టైలరు షాపులో గోడ మీది కార్డు మీద పెన్ను పెట్టానో లేదో, కత్తెర పక్కన పెట్టి ఆయన లేచి వచ్చాడు.

"ఏంటి బాబూ, మా కార్డు మీద రాస్తున్నావు?"

పెన్ను మూత పెట్టబోయాను.

"సంతకమా? పెట్టు పెట్టు, పెద్దగా పెట్టు. మన ఊరి కుర్రాడివి," అన్నాడు.

పెట్టాను. ఇంకో నాలుగు చోట్లా సంతకాలే పెట్టి వచ్చాను. ఆ వారమంతా సూర్యుడికీ కార్డుకూ పొత్తు కుదిరేసరికి కనిపించినవాళ్లల్లా భుజం తట్టడమే. రాత్రిపూట తరావీ నమాజులో నిలబడితే ఇమాం సాబ్ చదివే ప్రతి ఖుర్ఆన్ ఆయతూ నన్ను ఉద్దేశించినట్టే ఉండేది. ఆ నెలలో నేను నిజంగా చేసిన ఇబాదత్ (ఆరాధన) ఏదైనా ఉంటే ఆ భయమే.

పదకొండో రోజు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మౌజన్ సాబ్ దగ్గర కూలబడి అంతా చెప్పేశాను. ఆయన టోపీ తీసి, తల నిమురుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"నాకు మూడో రోజే తెలుసు బేటా. సూర్యుణ్ణి నలభై ఏళ్లుగా చూస్తున్నా. నీ కార్డు ఆఖరి దాకా చూశా. నువ్వు కొట్టేటప్పుడు చదివింది నేనే కదా."

"మరి చెప్పలేదేం సాబ్?"

"చెప్తే నిన్ను కమిటీ వదులుతుందా? అజాన్ కమిటీ చెప్పిన టైముకి ఇచ్చా. ఖర్జూరం మాత్రం అల్లా చెప్పిన టైముకి తిన్నా."

"పదమూడో రోజు ఏం చేసేవారు?"

"దగ్గు." ఆయన నవ్వలేదు. "మైకు ముందు నిలబడగానే దగ్గు వస్తుంది. ఆరు నిమిషాలు. ఆరు రోజులు. ఇంట్లో ప్రాక్టీసు మొదలుపెట్టా. మా ఆవిడ భయపడి మిరియాల కషాయం పెడుతోంది, మందుల షాపుకి కూడా పంపింది. నువ్వు రేపు శుక్రవారం జుమాలో లేచి చెప్పేస్తే నాకా కషాయం తప్పుతుంది."

మర్నాడు జుమా నమాజు అయ్యాక లేచి నిలబడ్డాను. మసీదు నిండా జనం. ఒకటి ఎక్కడుంది, ఏడు ఎక్కడుంది అని మొదలుపెడితే ఎవరికీ అర్థం కాలేదు. చివరికి, "కళ్లు మూసుకుని కొట్టాను. తప్పు కొట్టాను. రేపట్నుంచి ఆ కార్డు చూడొద్దు," అన్నాను. అది అందరికీ అర్థమైంది.

"అంటే మొదటి ఆరు రోజులూ మమ్మల్ని ఉత్తినే కూర్చోబెట్టావా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"అతను కళ్లు మూసుకుని కొట్టాడు, మనం కళ్లు మూసుకుని పంచాం," అన్నారు మౌజన్ సాబ్, గొంతు సవరించుకుంటూ.

శిక్ష కూడా అక్కడే పడింది: ఆ సాయంత్రం లోపల ప్రతి ఇంటికీ వెళ్లి ప్రతి కార్డూ నా చేత్తో దిద్దాలి. ఒక్కణ్ణి ఎన్ని దిద్దగలను? విషయం తెలిసి పంతులు ఇంకో పెన్ను తెచ్చుకుని వచ్చాడు. ఒక వీధి నేను, ఒక వీధి వాడు. మా నానీ వాడి సంచిలో అరటిపళ్లు వేసి, "నువ్వే కొట్టుంటే బాగుండేది నాయనా," అంది. వాడు నావైపు చూసి, పెద్ద వీధి తానే తీసుకున్నాడు. దెప్పి ఉంటే అంత బాధ ఉండేది కాదు. ఎక్కడికి వెళ్లినా ఒకటే ప్రశ్న: "సంతకం పెట్టవా?"

మర్నాడు ఐదూ నలభై ఏడుకి మైకు పలికింది. దగ్గు లేదు.

ఇప్పుడు నా జేబులో ఉన్న ఫోనులో నంబరు నొక్కే చోట పైన ఒకటి, రెండు, మూడు. అదే ఫోనులో క్యాలిక్యులేటర్ తెరిస్తే పైన ఏడు, ఎనిమిది, తొమ్మిది. నేను నలభై ఒక్క తీర్పులు రాసి విడదీసిన కువైటూ బెజవాడా ఒకే గాజు పలక మీద, ఒకే సఫ్‌లో, భుజానికి భుజం ఆనించి నిలబడ్డాయి. ఎవరి చోటు సరైనదని ఎవరూ అడగడం లేదు. రంజాన్‌లో ఆ ఫోనే అజాన్ కూడా వినిపిస్తుంది, సెకను తేడా లేకుండా. మౌజన్ సాబ్ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. నేను ఖర్జూరం చేత్తో పట్టుకుని, ఫోను మోగినా ఒకసారి పడమటి వైపు చూస్తాను. సూర్యుడు ఇంకా పూర్తిగా కుంగలేదనిపిస్తే, పిల్లలు తినబోతుంటే, నాకు దగ్గు వస్తుంది.