గడప బయటి ప్రెసిడెంటు గారు

మొన్న ఆటోనగర్‌లో మా స్పేర్‌పార్టుల కొట్లో బేరాల్లేక ఫోను తిప్పుతూ కూర్చుంటే, పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దీవి దేశం కబురు కనబడింది. అక్కడొక పాదిరీ గారు చర్చిలో ప్రసంగాలు మానుకుని ఎన్నికల్లో నిలబడి, గెలిచి, మంత్రి కూడా అయ్యారట. మెడలో పూలదండ, మొహాన నవ్వు. ఆ దేశాన్ని మ్యాపులో చూపించమంటే నా వేలు నీళ్ళలోనే పడుతుంది గానీ, ఆ నవ్వు మాత్రం నేనెరిగినదే. మైలవరం దగ్గర పల్లెలో మా మేనమామ సర్పంచిగా గెలిచిన రోజున అచ్చం అలాగే నవ్వాడు.

మావయ్య ఆ ఊరి వేణుగోపాలస్వామి గుడి అర్చకుడు. మంత్రాలు నేర్చుకోమని చిన్నప్పుడు నన్ను ఆయన దగ్గర పెట్టారు. నాలుగేళ్ళలో నా నోటికి వచ్చింది ప్రసాదం ఒక్కటే. ఆయన ఒక్కనాడూ విసుక్కోలేదు. ఊళ్ళో జ్వరం వచ్చినా, పిల్లకు సంబంధం కుదరకపోయినా జనం ముందు గుడి అరుగు మీదికే వచ్చేవారు. ఆయన వినేవాడు, అంతే. ఆ వినడమే కొంప ముంచింది. పంచాయతీ ఎన్నికల ముందు రెండు వర్గాలూ ఎవరి మీదా ఒప్పుదలకు రాలేక, అందరి మాటా వినే మనిషి ఈయనేనని వచ్చి కూర్చున్నాయి. అత్తయ్య వద్దంది. ఊరు అడిగితే కాదనడమెలా అన్నాడు మావయ్య.

మా వైపు సర్పంచిని ప్రెసిడెంటు గారంటారు. నలభై ఏళ్ళుగా అర్చనలు చేయించుకున్నవాళ్ళు ఆయన గెలిచిన మర్నాటి నుంచి అర్జీలు పట్టుకొచ్చారు. బోరు, వీధి దీపం, పింఛను. తన బాధ చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. సంతకం పెట్టగలవాడి దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకోవడం బాగుండదనుకున్నారో ఏమో.

అసలు చిక్కు అది కాదు. ఊళ్ళో శవం ఉంటే అది లేచేదాకా గుడి తలుపు తీయరు. అర్చకుడు చావింటికి వెళ్ళకూడదు. వెళితే ఆ రోజంతా మైల, గర్భాలయం గడప దాటకూడదు. ప్రెసిడెంటేమో చావింటికి అందరికంటే ముందు వెళ్ళాలి. దండ వేయకపోతే వచ్చే ఎన్నికల దాకా చెప్పుకుంటారు. ఎవరో ఒకరు పోతూనే ఉంటారు కదా. మావయ్య అలా వెళ్ళినప్పుడల్లా ఇబ్రహీంపట్నం నుంచి మరో అర్చకుడు, ఆయన ఈడువాడే, స్కూటరు మీద వచ్చి పూజ చేసి పోయేవాడు.

ఆ ఏడు స్వామి కల్యాణానికి నేనూ వెళ్ళాను. ఆ తెల్లవారుజామున, రోజూ గుడికి పూలు తెచ్చే పెద్ద రైతు ఒకాయన పోయాడు. ముహూర్తం పదిన్నరకి. శవం లేస్తే గానీ తలుపు తీయడానికి లేదు. శవం లేవాలంటే శ్మశానం దారి కావాలి. ఆ దారికి అడ్డంగా అవతలి వర్గంవాళ్ళు కంచె వేసి ఉన్నారు. పోయినాయన కొడుకులు పట్టుబట్టారు. మావయ్య మడి కట్టుకుని, తడి జుట్టుతో గుడి బయట నిలబడి ఫోనులో నచ్చజెప్పి చూశాడు. పెద్దకొడుకు ఒక్కటే మాట.

"మీరొచ్చి కంచె తీయించండి ప్రెసిడెంటు గారూ. అప్పుడు లేపుతాం."

ఫోను పెట్టేసి మావయ్య కాసేపు మూసి ఉన్న తలుపు వంక చూశాడు. ఆయన వెళ్ళకపోతే కల్యాణం ఆగుతుంది. వెళితే కల్యాణం జరుగుతుంది, ఆయన చేతుల మీదుగా కాదు.

"స్కూటరాయన్ని రమ్మను. నువ్వు బండి తియ్యరా," అన్నాడు నాతో.

"ఒక్క పూట వాళ్ళని ఆగమనండి మావయ్యా."

"చచ్చినవాడు ఆగుతాడు. బతికున్నవాళ్ళు ఆగరు. పద."

మడిపంచె విప్పి అరుగు మీద మడతపెట్టి, మామూలు పంచె కట్టి చొక్కా తొడుక్కున్నాడు. గంటలో కంచె ఊడింది, శవం లేచింది, తలుపు తెరుచుకుంది. స్నానం చేసి వస్తే మైకులో గౌరవనీయులైన ప్రెసిడెంటు గారిని పిలిచి, శాలువా కప్పి, ముందు వరసలో కుర్చీ వేశారు. పక్క కుర్చీ నాకు. మంత్రాలు రాని మేనల్లుడూ, వచ్చినా చదవకూడని మేనమామా ఒకే వరసలో కూర్చున్నాం. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. మండపంలో ఆ అర్చకుడు ఒకచోట తడబడితే ఈ పెదవులూ ఆగి, ఆయన అందుకున్నాక మళ్ళీ కదిలాయి.

తర్వాత గుడి పెద్దలు చాలా మర్యాదగా వచ్చారు. స్వామికి రోజుకో చెయ్యి మారడం బాగాలేదన్నారు, స్కూటరాయన్నే ఉంచేశారు. మావయ్య కాదనలేదు. పదవీకాలం అయ్యాక మళ్ళీ నిలబడమని ఎవరూ అడగలేదు, పూజకు రమ్మనీ అడగలేదు. ఇంట్లో మధ్యాహ్నాలు రేడియో పెట్టుకునేవాడు. అత్తయ్య గొంతు తగ్గించమనేది, వింటున్నట్టుండేవాడు కాదు.

ఒక శనివారం ఆయన్ని గుడికి నేనే తీసుకెళ్ళాను. వరసలో నిలబడ్డాం. అర్చకుడు తీర్థం పోయబోతే మావయ్య చెయ్యి దోసిలి కాలేదు. తీర్థం పోసే ఉద్ధరిణి పట్టుకున్నట్టు వేళ్ళు దగ్గర చేసుకుని ముందుకు చాచాడు. తీర్థం వేళ్ళ మీంచి జారి నేల మీద పడింది. అర్చకుడు తల దించుకున్నాడు. మావయ్య తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుని, ఎడంచేత్తో ఆ వేళ్ళని ఒక్కొక్కటే విప్పుకుని మళ్ళీ పట్టాడు.

నలభై ఏళ్ళ పనిని మనిషి చేతిలోంచి తీసుకుపోవడానికి అయిదేళ్ళు చాలు. ఆ సంగతి చేతికి చెప్పడానికి మాత్రం ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలియదు.