తార పాలపన్ను

అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో ఉండే రాధారాణి పదకొండేళ్లుగా ఒక డెంటల్ కాలేజీ ల్యాబ్‌లో పళ్లు కోస్తోంది. పన్నును జిగురులో పెట్టి గట్టిపరచి, వజ్రపు అంచున్న రంపంతో చీల్చి, వెలుతురు దూరేంత పలచగా అరగదీసి గాజుపలక మీద అతికించడం ఆమె పని. పంటి మీది గట్టి పొర, ఎనామెల్, నూటికి తొంభై ఆరు పాళ్లు ఖనిజమేనని, ఒకసారి తయారయ్యాక దానికి మళ్లీ పెరుగుదల లేదని కొత్త విద్యార్థులకు ఆమే చెబుతుంది.

ఊరందరి పళ్లూ కోసింది కానీ, కూతురు తార పళ్ల జోలికి మాత్రం పోలేదు. తార ఏడో నెలలోనే పుట్టి, నలభై ఒక్క రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండి బతికింది. అంత గండం గడిచిన పిల్ల, ఏడో ఏట మెదడువాపు జ్వరంతో రెండు రోజుల్లో చేజారిపోయింది. అప్పటికి ఊడినవి రెండే పాలపళ్లు. వాటిని తండ్రి ఫణికుమార్ తన బీరువాలో దాచాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా ఇంట్లో తార పేరెత్తితే ఆయన లేచి వెళ్లిపోయేవాడు.

ఈ వేసవిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఎనామెల్ మీద ల్యాబ్‌లో పరిశోధన మొదలైంది. ఎవరెవరి పిల్లల పళ్లో కోస్తుంటే రాధారాణి మనసు ఆగలేదు. ఒక సాయంత్రం కాఫీ ఇస్తూ నోరు విప్పింది.

“ఏవండీ, తార పన్ను ఒకటి ల్యాబ్‌కి తీసుకెళ్తాను.”

“కట్ చేసేస్తే ఇంకేం మిగుల్తుంది మనకి?”

“నా కడుపులో ఉన్నప్పటినుంచీ రోజుకో గీత పడి ఉంటుందండీ అందులో. పుట్టిన రోజు గీత వేరేగా కనబడుతుంది. నాకు చూడాలనుంది.”

మర్నాడు పొద్దున ఆమె లంచ్ బ్యాగ్ పక్కన, దూదిలో చుట్టిన పన్ను ఒకటి ఉంది.

కోసేటప్పుడు మధ్యలో ఒకసారి రంపం ఆపి, మొహం కడుక్కుని వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. మైక్రోస్కోప్ కింద ఎనామెల్‌లోని సన్నని కడ్డీలు గడ్డిమోపులా ఒకదానికొకటి ఆనుకుని కనిపించాయి. వాటికి అడ్డంగా రోజుల గీతలు. నడుమ నల్లగా, మందంగా ఒక్కటి. తార పుట్టిన రోజు అది. ఆ తర్వాతివి ఇరుకిరుకుగా, మసకమసకగా ఉన్నాయి. ఇంక్యుబేటర్ రోజులు. పోనుపోను విడివడి తేటపడ్డాయి. బిడ్డను ఇంటికి తెచ్చుకున్న రోజులు. ఇంకో రెండు నెలల గీతలు, అంతే. అక్కడితో ఎనామెల్ అయిపోయింది. ఆ తర్వాత పిల్ల నడిచింది, బడికెళ్లింది, గుమ్మంలోనే బూట్లు విసిరేసి పరిగెత్తుకొచ్చింది. వాటి జాడ ఏదీ అందులో లేదు. రాధారాణి స్టూలు మీద కూలబడి ఏడ్చింది.

శనివారం ఫణికుమార్ తనంతట తానే కారు తీశాడు. ల్యాబ్‌లో కళ్లజోడు పక్కన పెట్టి, ఆమె ఏ గీత ఏమిటో చెబుతుంటే మైక్రోస్కోప్‌లోకి వంగి చాలాసేపు చూశాడు.

“ఈ ఇరుకు గీతల దగ్గర దానికి నొప్పి పుట్టిందంటావా?”

“అన్ని సూదులు గుచ్చారు కదండీ. పుట్టే ఉంటుంది.” ఆమెకు అబద్ధం చెప్పాలనిపించలేదు.

“అయినా తేరుకుంది.”

“తేరుకుంది.”

“మరి రెండోసారి ఎందుకు తేరుకోలేదు, రాణీ?”

తొమ్మిదేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే ఆయన భోరుమన్నాడు. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.