సరళ చీర మీది రెక్కలు

ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం పూట రోడ్డు దాటి బతికి బయటపడినవాడి మాటగా నమ్మండి.

ఎనిమిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. బరువంటే నాకే నవ్వొస్తుంది, ఎందుకంటే అది చీర మీది బొమ్మ. రెండు రెక్కలు, మధ్యలో ఒక చుక్క. అంతే. కానీ ఆ బొమ్మ ఉన్న చీర కట్టుకుని నా భార్య సరళ ఎదురుగా వచ్చిన ప్రతిసారీ చూపు పక్కకు తిప్పుకుంటాను.

నా పేరు చెప్పను. ఎల్బీనగర్‌లో నన్నెరిగిన వాళ్లందరికీ నేను కోతలరాయుడినని తెలుసు. నాదర్‌గుల్‌లో లేచిన శిక్షణ విమానం ఒకటి దారితప్పి మన చౌరస్తాలో దిగిందని, ఎర్రలైటు పడితే బుద్ధిగా ఆగిందని, హయత్‌నగర్ ఎటని పైలట్ నన్నే అడిగాడని చెప్పి ఎన్ని చాయ్‌లు తాగానో. అవి ఎవరికీ నొప్పి కలిగించని కోతలు. ఇది అలాంటిది కాదు. కాదా? ఇదీ అలాంటిదేనని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నాను!

అప్పట్లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ని. కంప్యూటర్లు నా ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్పే కోర్సులో చేరాను. క్లాసులో అందరూ నన్ను అంకుల్ అనేవారు, పాఠం చెప్పే సార్‌తో సహా. ఆయన ఒకరోజు రేడియో టెలిస్కోపుల ఆర్కైవు చూపించాడు. అవి ఆకాశం నుంచి వచ్చే వెలుగును కాదు, రేడియో తరంగాలను పట్టుకుంటాయి. ఏళ్ల తరబడి పట్టినదంతా దాచిపెడతారు. ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. అడగడానికి పైథాన్‌లో ఒక లైబ్రరీ ఉంది, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము. ఆకాశంలో ఫలానా చోటు, దాని చుట్టూ ఇంత మేర అని రాస్తే చాలు, అక్కడ ఎప్పుడెప్పుడు ఏం పట్టారో పట్టిక వచ్చేస్తుంది. కావాల్సింది ఎంచుకుని దించుకోవడమే. నాకు ఒళ్లు పులకరించింది. బస్ పాస్ కూడా లైను లేకుండా దొరకని లోకంలో ఆకాశం మొత్తం ఊరికే ఇస్తున్నారు!

సరళ పుట్టినరోజు దగ్గర్లో ఉంది. ఆమెది రోహిణి. నీ నక్షత్రాన్ని దించి, ఫ్రేము కట్టించి ఇస్తానని ముందే గొప్పలు పోయాను. ఇచ్చాను కూడా.

“ఏంది గిది? సీతాకోకచిల్క లెక్కున్నది,” అంది.

“గదే నీ రోహిణి. కంటికైతే చుక్క. రేడియోల చూస్తే గిట్ల.”

“నిజంగనా? విమానాన్ని సిగ్నల్ కాడ ఆపినోడివి నువ్వు.”

“నిజం సరళా.”

“నా మీద ఒట్టు?”

“నీ మీద ఒట్టు.”

ఆమె ఫ్రేమును కొంగుతో తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మా మామగారిది పోచంపల్లి, మగ్గం మీద బతికిన మనిషి. బొమ్మ చూసి, “మంచిగున్నది అల్లుడా, గడులు గడులుగ ఉన్నది, మగ్గానికి ఎక్కుతది,” అని కూతురికి ఇక్కత్ చీర నేసి తెచ్చారు. ముదురు నీలం మీద తెల్ల రెక్కలు. సరళ అది కట్టుకుని పెళ్లికి పోతే జనం పెళ్లికూతుర్ని వదిలేసి చీరను చూశారు. అడిగిన ప్రతి ఒక్కరికీ “నా నక్షత్రం” అని చెప్పింది. మామగారు మరికొన్ని నేశారు. ఆమె మొదట ఇంట్లో ముందుగదిలో అమ్మింది, తర్వాత దుకాణమే పెట్టింది. బోర్డు మీద అవే రెక్కలు. బోర్డు పేరు చెబితే రేపే వచ్చి నన్ను పట్టుకుంటారు, చెప్పను. నా ఉద్యోగం పోయాక ఆ దుకాణంలోనే చీరలు మడతపెడుతున్నాను, హాయిగా.

ఇక తప్పు సంగతి. ఆకాశంలో చోటును రెండు అంకెలతో చెబుతారు. మొదటి అంకెను గంటల్లో చెప్పొచ్చు, డిగ్రీల్లోనూ చెప్పొచ్చు. గంటకు పదిహేను డిగ్రీలు. రోహిణి నాలుగున్నర గంటల దగ్గర ఉంటుంది. లైబ్రరీ డిగ్రీలు అడిగింది, పదిహేనుతో గుణించి ఇవ్వాలి. నేను గుణించలేదు. కొత్తవాణ్ని. అది కిక్కురుమనకుండా నాలుగున్నర డిగ్రీల దగ్గరికి పోయి అక్కడున్నది తెచ్చిపెట్టింది. అక్కడుండేది రోహిణి కాదు, ఉత్తరాభాద్ర. అది ఎవరి నక్షత్రమో ఇప్పుడొద్దు. ఆ రెక్కలైనా నక్షత్రానివి కావు, దానికి ఎంతో వెనక, ఎక్కడో దూరాన ఉన్న గెలాక్సీవి. అన్నీ తర్వాత తెలిశాయి. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? రెండు రోజులాగి చెబుదామనుకుంటే చీర వచ్చింది. చీర పాతబడ్డాక చెబుదామనుకుంటే బోర్డు వచ్చింది.

పోయిన వారం సరళ అంది కదా, “నేను గూడ పైథాన్ నేర్సుకుంటున్న. గిరాకీకి వచ్చినోళ్లు మా నక్షత్రం ఏడున్నదని అడుగుతున్రు. నిన్నడిగితే తీరిక లేదంటవ్. సోమవారం నుంచి క్లాసు. ఫస్టు నా రోహిణినే దించుత, సూడు.”

ఆమె గుణించడం మరిచిపోదు. జాకెట్టు ముక్కలో వేలెడు తేడా వస్తే ఒప్పుకోని మనిషి.

అందుకే సోమవారానికి ముందే కాళ్లు పట్టుకుని, గుణించడం మరిచానని చెప్పేద్దామనుకుని, ముందుగా మీ దగ్గర అప్పజెప్పుకున్నాను. బాగానే వచ్చింది కదూ? కొత్తవాడి పొరపాటు. ఎవరైనా అయ్యో పాపం అంటారు.

కానీ ప్రమాణం చేశాను. ఆమె మీద కూడా ఒకసారి చేశాను.

గుణించడం మరిచానన్నది నా కల్పన. లెక్కలు రాసి బతికినవాణ్ని, పదిహేనో ఎక్కం మరుస్తానా? మొదటిసారే సరిగ్గా ఇచ్చాను. రోహిణి ఉండే చోటే వచ్చింది. పళ్లెంలో బొంబాయి రవ్వ ఆరబోసినట్టు అంతా ఒకటే గరుకు, బొమ్మంటూ ఏమీ లేదు. కంటికి అంత ఎర్రగా వెలిగే నక్షత్రం రేడియోకి దాదాపు మూగది. అన్ని గొప్పలు పోయి, ఆమె చేతిలో రవ్వ ఎలా పెట్టను? సరదాకి నాది వెతికాను. ఉత్తరాభాద్ర నాది. రెక్కలు వచ్చాయి. వాటి కింద ఆమె పేరు రాశాను. గంటలు, డిగ్రీల సాకు తర్వాతెప్పుడో దొరికింది. రోహిణి అంకెను గుణించకపోతే సరిగ్గా నా నక్షత్రం పక్కన పడుతుందని చూసి, ఇంత మంచి అబద్ధాన్ని ఆకాశమే అమర్చిపెట్టిందని మురిసిపోయాను కూడా.

ఎనిమిదేళ్లుగా ఆమె కట్టుకుని తిరుగుతున్నది నా నక్షత్రం.

సోమవారం ఆమెకు రవ్వే వస్తుంది. తల తిప్పి నన్ను చూస్తుంది. క్షమిస్తుందా? తెలియదు. సాకు మాత్రం చెప్పను, ఇక్కడ వాడేశాను. ఏమో, ఒళ్లు తేలిగ్గా ఉంది. పొద్దుటి నుంచి ఈల వేస్తూ చీరలు మడతపెడుతున్నాను.

విమానం సంగతి మాత్రం నిజం.