నూట ఎనభై రూపాయల సముద్రం

మొన్నొక హోటల్లో నేను జీఎస్టీ నంబరు ఆర్డరిచ్చాను. ఆరో తరగతి సగంలో బడికి దణ్ణం పెట్టేసినవాణ్ణి, ఆ కార్డేమో మొత్తం ఇంగ్లీషు. మా అమ్మాయి ముందు తడబడకూడదని కళ్ళు చిన్నవి చేసి, పైనుంచి కిందదాకా చదివినట్టు నటించి, అన్నిటికంటే అడుగున, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉన్నదాని మీద వేలు పెట్టి, "ఇదొకటి తెండి" అన్నాను. అక్షరాలు చిన్నవైతే ధర కూడా చిన్నదే ఉంటుందని నా తెలివి. వడ్డించే ఆయన వంగి చూసి, నవ్వు ఆపుకుంటూ, "అది తాగడానికి ఉండదండి. మీరు అడక్కపోయినా చివర్లో అదే వస్తుందండి" అన్నాడు. మా అమ్మాయి కార్డు నా చేతిలోంచి లాక్కుని ఏవో రెండు చెప్పి పంపేసింది.

ఆ పిల్లకి ఈమధ్యే కాకినాడలో ఒక ఆఫీసులో ఉద్యోగమొచ్చింది. మొదటి జీతం అందగానే, "నాన్నా, నీకు పుట్టి బుద్ధెరిగాక నిలబడి టీ తాగడమే తప్ప కూర్చుని తాగింది లేదు. సాయంత్రం నేను తీసుకెళ్తా, రా" అంది. పెద్దాపురం మార్కెట్లో చేపలు కోసుకునేవాణ్ణి, నన్ను తీసుకుపోయి నలుగుర్లో కూర్చోబెడతానంటే ఎవరికి చేదు? రెండు సార్లు సబ్బు పెట్టి చేతులు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. ఎక్కడికమ్మా అంటే ఉప్పాడ అంది. నేను పుట్టిన ఊరు. ఇల్లు సముద్రంలో కలిసిపోయాక మేం పెద్దాపురం చేరిపోయాం. అక్కడ రోడ్డు పక్కన, కెరటాలకి అడ్డం పోసిన రాళ్ళ గట్టుకి ఎదురుగా, కొత్తగా అద్దాల మేడ ఒకటి లేచిందట. అక్కడికి సాయంత్రం టీకని కార్లేసుకుని మరీ వస్తున్నారట జనం.

కార్లేసుకొచ్చి వాళ్ళు చూస్తున్నదేంటో చెప్తాను. గోడల నిండా గవ్వలు అంటించారు. పైకప్పుకి వల వేలాడదీశారు. కొత్త వల, జన్మలో ఒక్క చేపని కూడా చూడని వల. పోనీ అనుకున్నాను. మూలన సీసాలు పేర్చిన బీరువా ఏదో వింతగా ఉందే అని లేచి చూద్దును కదా, అది పడవ. బొమ్మ కాదు, సముద్రం మీదకి వెళ్ళొచ్చిన పడవ. నడిమికి రంపంతో కోసి, ముక్కు పైకెత్తి నిలబెట్టి, అడ్డంగా చెక్కలు కొట్టి జామ్ సీసాలు పెట్టుకున్నారు. ముక్కు మీద ఎవరో పూసిన పసుపు మరక ఇంకా పోలేదు. ఏ ఇంటి ఆడమనిషి పూసిందో, మొగుడు క్షేమంగా తిరిగి రావాలని ఎన్ని మొక్కులు మొక్కి పూసిందో. నేను రోజుకి ఎన్ని చేపల్ని నడిమికి కోస్తానో నాకే తెలీదు, చెయ్యి వణకదు. ఆ రంపం కోత మీద మాత్రం చెయ్యి వెయ్యలేకపోయాను. ఒకమ్మాయి ఆ పడవ పక్కన నిలబడి, మూతి సున్నాలా పెట్టి ఫోటో దిగింది.

టీ వచ్చింది. దాని పేరు సన్‌సెట్ టీ. అయ్యా, ఉప్పాడలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలో పడడు. పొద్దు గూకేది ఊరివైపు, అంటే ఆ హోటలు వెనక, సరిగ్గా వాళ్ళ చెత్తడబ్బాల మీద. ఆ సంగతి చెప్తే వడ్డించే ఆయన, "పేరు అలా పెట్టేరండి" అన్నాడు, నా మీద జాలితో. సరే, చేతిలోకి తీసుకున్నాను. పిడి ఉన్న గాజు సీసాలో సగం నురగ. నురగ మీద గులాబీ రేకులు. మధ్యలో దాల్చిన చెక్క, పీకల్లోతు నీళ్ళలో దిగినవాడి చెయ్యిలాగ పైకి లేచి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెళ్ళైన మర్నాడు పందిరి ఊడుస్తుంటే వచ్చే వాసన. ఇరవై ఏళ్ళుగా చేపల మార్కెట్లో ముక్కు మూసుకోనివాణ్ణి, అక్కడ మూసుకున్నాను. ఒక గుక్క నోట్లోకి వెళ్ళింది, లోపలికి వెళ్ళనంది, కాగితం రుమాలులోకి వచ్చేసింది. రేటెంత తల్లీ అంటే నూట ఎనభై అంది మా అమ్మాయి. ఒక్కొక్కటి.

"ఇందులో టీ ఎంతండి?" అని అడిగాను ఆయన్ని.

"సీ వ్యూకి కూడా కలిపేనండి" అన్నాడు.

ఆ వ్యూ ఏంటో నాకు తెలుసు. ఆ నీళ్ళ కింద మా ఇల్లుంది. మా ఇంటిమీద నిలిచిన నీళ్ళని చూసినందుకు నాకు బిల్లు.

అద్దంలోంచి కెరటం విరిగే చోటు చూపించి, "అదిగో, అక్కడే మామ్మ టీ కొట్టు ఉండేది" అన్నాను. "ఎన్నోది నాన్నా?" అంది మా అమ్మాయి. మా ఇంట్లో అదొక పాత వేళాకోళం. ఎందుకంటే ఆ పిల్లకి మామ్మయ్యే మా మేనత్త టీ కొట్టు ఒకచోట ఉన్నది కాదు. సముద్రం ముందుకొచ్చినప్పుడల్లా ఆవిడ కొట్టు వెనక్కి వెళ్ళేది. నాకు తెలిసి నాలుగుసార్లు జరిగింది. నాలుగు రాటలు, పైన తాటాకు, ఒక పొయ్యి, రెండు గిన్నెలు, అర డజను గ్లాసులు, ఒక బల్ల. మిగతావన్నీ చంకన పెట్టుకుని పోవచ్చు. బల్ల మాత్రం తాటి దుంగని నిలువునా చీరి చెక్కించింది. దాన్ని కదపాలంటే నలుగురు మొగాళ్ళు కావాలి, ఆ నలుగురూ పొద్దున్నే చద్దన్నం తిని ఉండాలి.

అత్త టీ అమృతం అని చెప్పను. చివరి గుక్కలో ఇసక వచ్చేది, దాన్ని ఆవిడ తప్పుగా లెక్కించేది కాదు. గేదె పాలు, దుమ్ము టీ, రాయితో చితక్కొట్టిన అల్లం, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోని వడగట్టే గుడ్డ. నాలుగు గంటలైందని ఊళ్ళో ఎవరూ గడియారం చూసేవారు కాదు, ఆవిడ బల్లమీద గ్లాసులు టకటకా పెట్టిన చప్పుడే నాలుగు. వేటకెళ్ళిన బోట్లొచ్చి, సరుకు దిగి, వేలం అయ్యాక మొగాళ్ళు వచ్చేవారు. ఊళ్ళమ్మట చేపలమ్మి వచ్చిన ఆడవాళ్ళు ఖాళీ గంపలు బోర్లించి వచ్చేవారు. మా అమ్మ ఇంట్లో కూర్చుని టీ తాగగా నేనెప్పుడూ చూడలేదు. పొయ్యి దగ్గర, నూతి దగ్గర, ఎక్కడైనా నిలబడే, చల్లారిపోయాకే. అత్త బల్లమీద మాత్రం ఒక కాలు బారజాపుకుని, చీర చెంగుతో గ్లాసు పట్టుకుని, వేడివేడిగా ఊదుకుంటూ తాగేది. ఆ పావుగంట మా నాన్న పిలిచినా పలికేది కాదు. టీకి బయటికెళ్ళడమంటే అదండి నాకు తెలిసింది.

అత్త కొట్లో చుట్టాలకి టీ ఊరికే. కాకపోతే ఒక షరతు. వానల తర్వాత ఏదో ఒక సాయంత్రం ఆవిడ నీళ్ళవైపు ఒకసారి, కొట్టువైపు ఒకసారి చూసి, "ఇంక జరుగుదాం" అనేది. అన్న రోజున ఊరికే తాగినవాళ్ళందరూ వచ్చి బల్ల మొయ్యాలి. ముందువైపు ఎడమ మూల ఎప్పుడూ నాదే. మోస్తున్నంతసేపూ నేను, "అత్తా, బయట డబ్బులిచ్చి తాగితేనే చవకే! నీ టీ నడుములు విరిచేస్తోందే!" అని అరిచేవాణ్ణి. ఆవిడ వెనకనుంచి, "నోరు కాదురా, భుజం పెట్టు" అనేది. కొత్త చోట బల్ల దిగాక మొదటి టీ మోసినవాళ్ళకే.

నిరుడు కార్తీకంలో తుఫాను కబురొచ్చినప్పుడు అత్త నాకు ఫోను చేసింది. "ఒరేయ్ అల్లుడా, ఐదోసారి జరగాలి. బల్లకి మనుషులు చాలట్లేదు, వస్తావా?" అంది. ఇక్కడ బేరం ముమ్మరంగా ఉందత్తా, రేపు పొద్దున్నే వచ్చి వాల్తాను అన్నాను. రేపు పొద్దున్నకి బల్ల లేదు. రాటలూ లేవు. అత్త కూతురింట్లో ఉంటోందనీ, ఇంక కొట్టు పెట్టదనీ, హాయిగా ఉందనీ ఎవరో చెప్పారు. ఆవిడ హాయిగా ఉందంటే నాకూ హాయిగానే ఉంది. వెళ్ళి చూడాలి చూడాలి అనుకుంటూనే కార్తీకం మళ్ళీ దగ్గరకొచ్చేసింది. ఆవేళ కూడా తిరిగి వెళ్ళేటప్పుడు మామ్మని చూసి వెళ్దాం నాన్నా అని మా అమ్మాయి అంటే, చూద్దాం, చీకటి పడకపోతే అన్నాను.

ఇదంతా తలుచుకుని ఆ గులాబీ రేకుల్ని చూసేసరికి ఒళ్ళు మండింది. నా మీద మండిందో టీ మీద మండిందో విడదీసి చూసుకునేంత చదువు నాకు లేదు. టీ మీదే అనేసుకున్నాను. "ఏవండీ, ఇలా రండి. ఇది టీ అంటారా? పెళ్ళికూతురు కాళ్ళు కడిగిన నీళ్ళంటారా? దీన్ని పెట్టిన మహానుభావుల్ని ఒక్కసారి పిలవండి, ఆ చేతులు చూసి తరించాలి!" అని అరిచాను. ఫోటోలు దిగేవాళ్ళు దిగడం మానేసి ఇటు తిరిగారు. "నాన్నా, మెల్లిగా, నా మొదటి జీతం నాన్నా" అంది మా అమ్మాయి, కళ్ళనిండా నీళ్ళతో. అప్పటికే ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఒక్కడే తిరిగొచ్చాడు. ఈసారి నవ్వు ఆపుకోలేదు.

"ఆవిడ రారంటండి. 'అది మా అల్లుడి గొంతు. వాణ్ణే వెనక్కి రమ్మను' అన్నారండి."

వెనక్కి వెళ్ళాం. వంటింటి మెట్ల మీద, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది మా అత్త. తలకి ప్లాస్టిక్ టోపీ. ముగ్గురు పిల్లల్నీ, ఐదు కొట్లనీ సాకిన చేతులకి పల్చటి తొడుగులు. ఎదురుగా, చెత్తడబ్బాల మీదుగా, తాటిచెట్ల వెనక ఎర్రగా పొద్దు గూకుతోంది. డబ్బులిచ్చినవాళ్ళకి కనిపించని సన్‌సెట్టు మొత్తం ఆవిడొక్కతే చూస్తోంది. మా అమ్మాయిని దగ్గరకి లాక్కుని గడ్డం పట్టుకుని, "తల్లి పోలికే. బతికిపోయింది" అంది. నాకేసి చూడలేదు.

"ఏంటత్తా ఆ టీ? నువ్వేనా పెట్టింది?" అన్నాను.

"చేతులే నావి. పొడి వాళ్ళది, కొలత వాళ్ళది, ఆ పువ్వులు వాళ్ళవి. నేను తాగనురా బాబూ దాన్ని."

పక్కన మెట్టు మీద స్టీలు గ్లాసులో పొగలు కక్కుతూ టీ ఉంది. పనివాళ్ళకని రోజూ ఈ వేళకి విడిగా పెట్టుకుంటారట. అల్లం వాసన వచ్చి నా ముక్కుని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. నేను చెయ్యి చాపాను. అత్త గ్లాసు తీసి మా అమ్మాయికి ఇచ్చింది. ఆ పిల్ల మెట్టు మీద కూర్చుని, కాలు జాపుకుని, చున్నీతో గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ తాగింది. అచ్చం మా అమ్మ. అప్పుడు పెద్దమనిషిలాగ ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఈ వయసులో ఈ టోపీ పెట్టుకుని వీళ్ళ దగ్గర చెయ్యడమేంటత్తా? నాకొక్క మాట చెప్పకూడదూ?"

నేను రేపు అన్నది ఒక్కసారే. ఆ ఒక్క రేపు ఏడాది పొడుగునా సాగిందని నాకు ఆ మెట్ల దగ్గర తెలిసింది. అత్త తొడుగులు ఊడదీసి, మెల్లగా మడిచి, అప్పుడు చూసింది నాకేసి.

"చెప్పాను కదరా అల్లుడా, ఫోను చేసి. బేరం ముమ్మరంగా ఉందన్నావు. కార్తీక మాసంలో, సగం జనం నీసు ముట్టని రోజుల్లో, నీకు ముమ్మరమైన చేపల బేరం! సర్లే. నా కొట్లో నీ టీ ఖరీదు జరిగినప్పుడల్లా బల్ల మొయ్యడం. ఇక్కడ నూట ఎనభై. పిల్ల చేత కట్టించకుండా రెండు టీలకీ నువ్వే కట్టి వెళ్ళు. ఏది బరువో నీకు తెలియాలి, రోజూ తూచేవాడివి."