డ్రయ్యరు తలుపు దగ్గర

జీడిపప్పు మిల్లులో డ్రయ్యరు దగ్గర ఆడవాళ్లు పనిచేయకూడదని ఎక్కడా రాసి లేదు. పలాసలో ఇరవై ఆరేళ్లు గ్రేడింగు బల్ల ముందు కూర్చున్నదాన్ని, ఆ మాట ఏ కాగితం మీదా చూడలేదు. అయినా నేను పనిచేసిన మూడు మిల్లుల్లోనూ డ్రయ్యరు దగ్గర మగవాడే ఉండేవాడు. అతనికి నెల జీతం. పొట్టు తీసే ఆడవాళ్లకి కిలోకి ఇంత అని కూలి. పప్పు విరిగితే కూలిలో కోత కూడా వాళ్లకే.

ఈ కోత సంగతి ముందు చెప్పాలి. జీడిపిక్క కొట్టి తీసిన పప్పుని పొట్టుతోనే ట్రేల్లో పరిచి డ్రయ్యరులో పెడతారు. సరిగ్గా ఆరితే వేళ్ల మధ్య నలిపితే చాలు, పొట్టు ఊడి వస్తుంది. తక్కువ ఆరితే గోరుతో గీకాలి. ఎక్కువ ఆరితే ముట్టుకోగానే బద్దలవుతుంది. ఎటు చూసినా విరిగేది పొట్టు తీసేవాళ్ల చేతుల్లోనే కాబట్టి తప్పు వాళ్లదేనని మిల్లు తీర్పు. నాకు ఆ తీర్పు నచ్చలేదు. పదకొండు నెలలు రోజూ ఒక పుస్తకంలో రాసుకున్నాను: ట్రేలు ఎన్ని గంటలకి పెట్టారు, ఎన్ని గంటలకి తీశారు, కిలోకి ఎన్ని గ్రాములు విరిగింది, ఆ రోజు వాన ఉందా లేదా. విరిగినదాంట్లో ఎక్కువ భాగం ఎప్పుడూ కింది మూడు ట్రేలదే. వేడి కిందినుంచి వస్తుంది కాబట్టి సగం సమయానికి కింది ట్రేలు పైకీ, పైవి కిందికీ మార్చాలి. కాలుతున్న ట్రేలు మార్చడానికి డ్రయ్యరు మనిషికి బద్ధకం. ఆ బద్ధకం ఒకరిది, జరిమానా పొట్టు తీసే తొమ్మిది మందిది.

మోకాళ్లు అరిగి మిల్లు మానేశాక, మా వీధి పొదుపు సంఘం గదిలో ఆడవాళ్లకి గ్రేడింగు నేర్పుతున్నాను. ఐదేళ్లలో పంతొమ్మిది మంది పొట్టు బల్ల మీంచి గ్రేడింగు బల్లకి వెళ్లారు. ఇద్దరు మానేశారు. పదిహేడు మంది ఉన్నారు.

కిందటి వానాకాలం ఒక బుధవారం, ఆ గదికి ఒకామె వచ్చింది. కంచిలి దగ్గర పల్లె. భర్తకి కిడ్నీలు పాడయ్యాయి. ఇద్దరూ పలాసలో అద్దె గదిలో ఉంటున్నారు. మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం అతన్ని టెక్కలి ఆసుపత్రికి డయాలసిస్‌కి తీసుకువెళ్లాలి. పొట్టు తీసే పని ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా. అంటే ఆరు రోజుల్లో మూడు రోజులు ఆమెకి సగం కూలే.

"పిన్నమ్మా, మా మిల్లు డ్రయ్యరోడు మూలపేట పోర్టు పనికి ఎల్లిపోనాడు. ఆ పని ఉదయం ఐదింటికి మొదలెడితే పన్నెండింటికి అయిపోతాది. ఒంటిగంట బస్సు అందుతాది. నెల జీతం కూడా," అంది.

"డ్రయ్యరు పని తెలుసా నీకు?"

"ఆడు బీడీకి ఎల్లినప్పుడల్లా సూసింది నానే గదా."

ఇద్దరం షావుకారు దగ్గరికి వెళ్లాం. నేను చివర పనిచేసింది ఆయన మిల్లులోనే, నన్ను ఎరుగును. పక్కనే మేస్త్రి ఉన్నాడు.

"ఏటి పెద్దమ్మా, మగోల్ల పని మీద పడ్డావు?" అన్నాడు షావుకారు.

"పడనేదు బాబూ. ఖాళీ అయినాదని వచ్చినాం."

మేస్త్రి నవ్వాడు. "ట్రే ఎత్తితే దీని నడుం ఇరుగుతాది బాబూ. ఒక్కోటి పన్నెండు కిలోలు."

ఆమె అతని వైపు తిరిగింది. "మా ఆయన్ని రోజూ మంచం మీంచి నానే ఎత్తుతాను. యాభై ఎనిమిది కిలోలు. నీ ట్రే ఎంతన్నావు బావా?"

షావుకారు నవ్వు ఆపుకోలేకపోయాడు. "సరే, రేపు ఒక్క వాయి ఇత్తాను. కిలోకి వంద గ్రాములు దాటి ఇరిగితే మల్లీ ఈ మాట నా దగ్గర ఎత్తకండి."

వానరోజుల్లో పాత మనిషి చేతిలో కిలోకి నూట ఎనభై దాకా విరిగేది. షావుకారుకి ఆ సంగతి తెలుసు. అయినా ఒప్పుకున్నాం.

గురువారం. వాన ఆగకుండా పడుతోంది. ఉదయం ఐదుంపావుకి ట్రేలు లోపలికి వెళ్లాయి. ఎనిమిదింటికి ఆమె గోనెపట్టాలు చేతులకి చుట్టుకుని కింది ట్రేలు పైకి మార్చింది. మోచేతి మీద ఒకచోట కాలింది, చూసుకోలేదు. నా పుస్తకం ప్రకారం వాన రోజు వాయికి ఆరు గంటలు. పదకొండుంపావు కాగానే తీయమన్నాను.

ఆమె ఒక గింజ తీసి, బొటనవేలితో నలిపి, ఊదింది. "ఇంకా నేదు పిన్నమ్మా."

"ఆరు గంటలు అయిపోనాయే!"

"పప్పుకి గడియారం తెలవదు గదా."

"ఆలిద్దరికే కుదర్నేదు బాబూ," అన్నాడు మేస్త్రి వెనకనుంచి, షావుకారుతో.

నాకు కోపం వచ్చింది. పదకొండు నెలల లెక్క నాది. ఆమెది వేలి కొస. కాని వేలి కొసే నిజం చెప్పింది. నేను పుస్తకం రాసిన రోజుల్లో మిల్లులోకి వచ్చినవి ఇక్కడి ఉద్దానం తోటల పిక్కలు. ఈసారివి ఓడలో వచ్చిన విదేశీ పిక్కలు, పొట్టు మందం. వాన రాసుకున్నాను, గంటలు రాసుకున్నాను, పిక్కలు ఏ ఊరివో రాసుకోలేదు. అంత పట్టుదలగా రాసినదాన్ని అది వదిలేశాను. వదిలేశానని అక్కడే, మేస్త్రి వింటుండగానే ఒప్పుకున్నాను.

పదకొండు నలభైకి తలుపు తెరిచింది. ట్రేలు పొట్టు బల్ల మీదికి వచ్చాయి. తొమ్మిది మంది ఆడవాళ్లు కూర్చున్నారు. మొదటి గుప్పెడు నలపగానే పొట్టు పొరలు పొరలుగా లేచింది. కిలో తూచారు. విరిగింది అరవై రెండు గ్రాములు. నేను రెండోసారి తూయించాను. అరవై రెండే.

షావుకారు తల ఊపాడు. "బాగుంది. రేపట్నుంచి రా. నెలకి పన్నెండు వేలు."

పాత మనిషికి పద్దెనిమిది వేలు. ఆ మాట నేను అన్నాను.

"ఆడమనిసికి పన్నెండు తక్కువేటి పెద్దమ్మా? పొట్టు తీత్తే ఎంతొత్తాదో దానికి తెలీదేటి?"

ఆమె ముఖం చూశాను. పన్నెండు వేలకైనా ఒప్పుకునేలా ఉంది. గోడ గడియారం వైపు చూస్తోంది. అది టెక్కలి వెళ్లవలసిన రోజు.

అప్పుడు బల్ల చివర కూర్చున్న ముసలామె చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆమె పక్కనున్నామె కూడా. వరసగా పద్దెనిమిది చేతులూ ఒళ్లోకి వెళ్లాయి. పన్నెండు కావడానికి ఐదు నిమిషాలుంది.

"ఏటి కూకున్నారు?" అన్నాడు మేస్త్రి.

"ఆయాసంగా ఉన్నాది బావా. కాసేపు ఆగుతాం," అంది ముసలామె.

"మల్లీ ఎప్పుడు?"

"నాకేటి తెలుసు? నువ్వు తియ్యి మరి, నీకు ఏల్లు నేవేటి?"

బల్లంతా నవ్వింది. చేతులు మాత్రం కదలలేదు.

బయట వాన. ఆరిన పప్పు వానగాలికి గంటసేపు తెరిచి ఉంటే తేమ పీల్చుకుని పొట్టు మళ్లీ అంటుకుపోతుంది. మళ్లీ డ్రయ్యరులో పెట్టాలి. రెండోసారి ఆరిన పప్పు సగానికి సగం బద్దలే. ఆ గదిలో ఇది తెలియనివాళ్లు లేరు. విరిగితే కోత తమకే పడుతుందని కూడా ఆ తొమ్మిది మందికీ తెలుసు.

షావుకారు కిటికీ మూశాడు. తలుపూ మూయించాడు. ట్రే దగ్గరికి వచ్చి ఒక గింజ నలిపాడు. కాసేపాగి ఇంకోటి నలిపాడు. ఈసారి పొట్టు గింజని పట్టుకునే ఉంది.

"పద్దెనిమిది," అన్నాడు. "ఎత్తండే సేతులు!"

"పన్నెండింటికి ఎల్లిపోతాను బాబూ," అంది ఆమె. "మంగళ, గురు, శని. ఆ మాట కూడా ఇప్పుడే సెప్పండి."

"ఎల్లు, ఎల్లు."

ఆమె అప్పుడే వెళ్లింది. గోనెపట్టాలు నా చేతిలో పెట్టి వానలో పరుగెత్తింది. బస్సు అందింది.

ఇప్పటికి పది నెలలు. పదిసార్లూ పద్దెనిమిది వేలు పూర్తిగా ఆమె ఖాతాలో పడ్డాయి. పొట్టు బల్ల దగ్గర కోత ఇంకా ఉంది, దాని కోసం మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఊళ్లో ఎవరైనా అడిగితే, ఆడవాళ్లకి తాను అవకాశం ఇచ్చానని షావుకారు చెప్పుకుంటున్నాడట. ఇవ్వలేదు. పన్నెండుకి ఐదు నిమిషాల ముందు నుంచి పన్నెండూ పంతొమ్మిది దాకా, పద్దెనిమిది చేతులు ఒళ్లో ఉన్న ఇరవై నాలుగు నిమిషాలూ, నేను అక్కడే నిలబడి ఉన్నాను.